భుజం నొప్పి, సూదిమందు: ఒక ఇంజనీరు చూసినంత

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్య సదస్సులో ఇంజనీరుకు ఏం పని అని మీకు అనిపించవచ్చు. కమిటీ వాళ్లు ముందు అడిగింది మా బ్యాచ్ ఎముకల డాక్టరునే. అతనేమో "యంత్రం సంగతి నువ్వు చెప్పు, వైద్యంలో తప్పు మాట్లాడితే అక్కడే ఆపుతాను" అని నన్ను ఇక్కడికి తోశాడు. రెండో వరుసలోనే కూర్చున్నాడు. కాబట్టి ధైర్యంగా వినండి.

భుజం గురించే ఎందుకంటే, మనలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లం. నిన్న సాయంత్రం గ్రూపు ఫోటోలో అందరూ చేతులు ఎత్తమంటే మా వరుసలో ముగ్గురు ఒక్క చెయ్యే ఎత్తారు. మన మాస్టార్లు, టీచర్లు ముప్పయ్యేళ్ల పాటు నల్లబల్ల పై గీత దాకా చెయ్యి చాచి రాసినవాళ్లు. భుజం ఎత్తి పదే పదే చేసే పని ఆ కీలుకు భారమే. భుజం నొప్పి ప్రాణం తీయదు గనుక ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ రాత్రి నిద్ర పోతుంది. జడ వేసుకోవడం, వెనక జేబులోంచి పర్సు తీయడం, చొక్కా తొడుక్కోవడం ఒకరి సాయంతో చేసుకోవలసి వస్తుంది.

ఈ నొప్పికి ఇప్పుడు పట్టణాల్లో కూడా "స్కాన్ చూస్తూ ఇంజెక్షన్" అనే మాట వినిపిస్తోంది. కొందరు దాన్ని చూసి భయపడుతున్నారు, కొందరు మంత్రమనుకుంటున్నారు. అది రెండూ కాదు. అదేమిటో, ఎంతవరకు పనికొస్తుందో, డాక్టరును ఏమేం అడగాలో చెప్పడమే నా పని.

ముందు యంత్రం సంగతి. నేను ముప్పయ్యేళ్లుగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాల వెల్డింగులు పరీక్షించే పనిలో ఉన్నాను. వెల్డు లోపల పగులు ఉందా అని కోసి చూడలేం. అందుకని చిన్న ప్రోబ్ ఆనించి, మన చెవికి వినిపించని శబ్దాన్ని లోపలికి పంపుతాం. అది పగులుకు తగిలి వెనక్కి వస్తుంది. ఎంత సేపటికి వచ్చిందో కొలిస్తే పగులు ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. బావిలోకి కేక వేసి ప్రతిధ్వని వినడం లాంటిదే.

భుజం మీద డాక్టరు పెట్టే ప్రోబ్ చేసేదీ ఇదే. మెత్తని కండలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని 26 మైక్రోసెకన్లలో తిరిగి వస్తే తగిలిన వస్తువు 2 సెంటీమీటర్ల లోతులో ఉన్నట్టు లెక్క. భుజానికి సుమారు 10 మెగాహెర్ట్జ్ శబ్దం వాడతారు. దాని తరంగం పొడవు 0.15 మిల్లీమీటరు. అందుకే సన్నని పొరలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మేం ఇనుము మీద గ్రీజు రాసినట్టు వాళ్లు చర్మం మీద జెల్ రాస్తారు. మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోకుండా వెనక్కి వచ్చేస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఏమీ లేవు.

ఈ చుట్టరికం కల్పించి చెబుతున్నది కాదు. 1880లో పారిస్‌లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లాంజెవిన్ అదే సూత్రంతో జలాంతర్గాములను వెతికే పరికరం చేశాడు. తరువాత అది ఫ్యాక్టరీలకు చేరింది. 1955లో గ్లాస్గో నగరపు స్త్రీల వైద్య ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారులో వేసుకుని ఊరికి దగ్గరలోని ఒక బాయిలర్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడ వెల్డింగులు చూసే యంత్రంతో వాటిని పరీక్షించాడు. నీటి గడ్డకూ కండ గడ్డకూ ప్రతిధ్వనిలో తేడా తెలిసింది. తరువాత టామ్ బ్రౌన్ అనే యువ ఇంజనీరు ఆయనతో కలిసి మనుషులకు పనికొచ్చే యంత్రం తయారు చేశాడు. 1958లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వాళ్ల వ్యాసం మీద డాక్టర్ల పేర్ల పక్కన ఆ ఇంజనీరు పేరూ ఉంది. బాయిలర్ల దగ్గర పనిచేసేవాణ్ణి గనుక ఈ సంగతి చెప్పుకోవడం నాకు కాస్త గర్వం.

ఇప్పుడు భుజం. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చున్న గుండు లాంటిది. భుజం అలా కాదు, సాసరు మీద పెట్టిన నిమ్మకాయ లాంటిది. అందుకే చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే ఆ కీలుకు నిలకడ తక్కువ. ఆ నిమ్మకాయ జారిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటి చివర ఉండే తాళ్లను టెండన్లు అంటారు. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటి పైన ఎముక కప్పులా ఉంటుంది. తాళ్లకూ కప్పుకూ మధ్య రాపిడి లేకుండా బర్సా అనే పలుచని జిగురు సంచి ఉంటుంది. కీలు చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. ముందువైపు గాడిలో బైసెప్స్ కండరపు తాడు పోతుంది. నొప్పి వీటిలో దేని నుంచైనా రావచ్చు. పైకి మాత్రం అన్నిటినీ మనం భుజం నొప్పి అనే అంటాం.

రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, తాళ్లూ బర్సా ఒరుసుకుని వాచిపోవడం. చెయ్యి పక్కకు ఎత్తుతుంటే మధ్యలో పట్టేస్తుంది. మనం ఎత్తలేకపోయినా డాక్టరు పట్టుకుని ఎత్తితే చాలావరకు లేస్తుంది. రెండోది ఫ్రోజెన్ షోల్డర్. మన పట్టణాల్లో దీన్ని పెరిఆర్థరైటిస్ అంటారు. ఇందులో కీలు తొడుగే దళసరి అయి కుంచించుకుపోతుంది. మోచెయ్యి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటే తిరగదు, డాక్టరు తిప్పినా తిరగదు. నలభై నుంచి అరవై మధ్య వయసులో, ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. మొదట నొప్పి, తరువాత బిగుసుకుపోవడం, ఆ తరువాత మెల్లగా సడలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు.

ఒక హెచ్చరిక. ప్రతి భుజం నొప్పీ భుజానిది కాదు. మెడ నరాల నుంచి రావచ్చు. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే ఈ ప్రసంగం గుర్తు చేసుకుంటూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సూదిమందు విషయానికి వద్దాం. సిరంజిలో సాధారణంగా రెండు మందులుంటాయి. ఒకటి ఆ చోటుకు మాత్రమే తిమ్మిరి ఎక్కించే లిగ్నోకెయిన్ లాంటిది. రెండోది వాపు తగ్గించే స్టెరాయిడ్. చర్మం శుభ్రం చేసి, ప్రోబ్‌కు శుభ్రమైన తొడుగు వేసి, తెర మీద బర్సానో కీలునో చూస్తూ పక్క నుంచి సూదిని పంపుతారు. సూది తెర మీద తెల్లని గీతలా కనిపిస్తుంది. మందు ఎక్కడ పడుతోందో అప్పటికప్పుడు తెలుస్తుంది. మందు టెండన్ లోపల పడకూడదు, పక్కన పడాలి. లోపల పడితే ఆ తాడే బలహీనపడుతుంది.

ఇదే పద్ధతిలో ఇంకొన్ని పనులు చేస్తారు. టెండన్‌లో సున్నం పేరుకుని విపరీతమైన నొప్పి వస్తే, సూదితో ఆ సున్నాన్ని గుచ్చి, సెలైన్‌తో కడిగి బయటికి లాగుతారు. కీలు తొడుగు కుంచించుకుపోతే, అందులోకి సెలైన్ ఎక్కించి తొడుగును సాగదీస్తారు. దీన్ని హైడ్రోడైలటేషన్ అంటారు. రెక్క ఎముక పై అంచున ఒక గాడిలోంచి పోయే సుప్రాస్కాపులార్ నరం భుజం నొప్పి కబుర్లలో ఎక్కువ భాగం మెదడుకు మోస్తుంది. దాని పక్కన మందు వేసి నొప్పిని కొంతకాలం ఆపుతారు. ఆ చోటికి కింద ఊపిరితిత్తి దగ్గరగా ఉంటుంది. అలాంటి చోట సూది మొన కనిపిస్తూ ఉండడం చాలా అవసరం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి, మా అక్కయ్య అనుమతితోనే చెబుతున్నాను. ఆమె కూడా మన బడిలోనే చదివింది. పన్నెండేళ్లుగా షుగరు. కుడి భుజం పట్టేస్తే దగ్గరలో ఒకచోట ఇంజెక్షన్ వేశారు. స్టెరాయిడ్ వేస్తే షుగరు పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు. మూడో రోజు గ్లూకోమీటరు 340 చూపించింది. ఆమె హడలిపోయి, ఇక ఏ సూదీ వద్దని ఐదు నెలలు నొప్పి భరించింది. ఆ ఐదు నెలల్లో చెయ్యి మొత్తం బిగుసుకుపోయింది. తల దువ్వుకోవడానికి కోడలిని పిలవాలి. దేవుడి గదిలో పై అరలోని దీపం తియ్యలేదు. ఆ సమయంలో ఆమెను బాధపెట్టింది నొప్పి కన్నా ఎక్కువగా ఇంకొకరి మీద ఆధారపడడమే.

చివరికి ఇక్కడ కూర్చున్న మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అతను ముందు సూది ఊసే ఎత్తలేదు. మెడ చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, ఫిజీషియన్‌తో మాట్లాడి షుగరు అదుపులోకి తెప్పించాడు. ఆరు వారాల తరువాత స్కాన్ చూస్తూ హైడ్రోడైలటేషన్ చేశాడు. అతని అనుమతితో పక్కన నిలబడి తెర చూశాను. సూది వెనక వైపు నుంచి వెళ్లింది. సెలైన్ ఎక్కుతుంటే తొడుగు కొంచెం కొంచెంగా పైకి లేచింది. మొదట సిరంజి గట్టిగా ఎదురు తిరిగింది, కాసేపటికి ఆ ఒత్తిడి సడలింది. పది పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఈసారి షుగరు పెరుగుతుందని ముందే తెలుసు గనుక వారం రోజులు రోజూ చూసుకుని, డాక్టరు చెప్పినట్టు మందు సర్దుకుంది. వారంలో రాత్రి నిద్ర పట్టింది. ఆ మర్నాటి నుంచే వ్యాయామాలు మొదలయ్యాయి. తన జడ తాను వేసుకోవడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

ఇందులో సూది వాటా ఎంత, వ్యాయామం వాటా ఎంత, కాలం వాటా ఎంత అని అడిగితే కొలిచి చెప్పడం కుదరదు. ఫ్రోజెన్ షోల్డర్ కాలంతో కూడా సడలుతుంది. ఒక్క మనిషి అనుభవంతో వైద్యాన్ని తూచకూడదు. అందుకే పరిశోధనలు ఏమన్నాయో చూడాలి.

స్కాన్ చూస్తూ వేస్తే మందు అనుకున్న చోట పడే అవకాశం ఎక్కువ. మరి నొప్పి కూడా అంత ఎక్కువగా తగ్గుతుందా? కోక్రేన్ సంస్థ వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేస్తుంది. 2012లోనూ మళ్లీ 2021లోనూ వాళ్లు ఈ ప్రశ్న చూశారు. మామూలు భుజం నొప్పికి స్కాన్ చూస్తూ వేసినా, చూడకుండా వేసినా నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదనే వైపే వాళ్ల తీర్పు మొగ్గింది. మా ఇంజనీర్లకు ఇది మింగుడుపడని మాట. గురి కచ్చితంగా ఉండడం ఒక కొలత, ఫలితం బాగుండడం వేరే కొలత. బర్సా లాంటి పెద్ద సంచికి అనుభవం ఉన్న చెయ్యి చాలు. సన్నని గాడిలో ఉన్న తాడు, సున్నపు ముద్ద, నరం, సాగదీయాల్సిన తొడుగు లాంటి వాటికి చూస్తూ వెయ్యడమే సబబు. కాబట్టి స్కాన్ లేకుండా బర్సాలో ఇంజెక్షన్ వేసిన మీ ఊరి డాక్టరు చేసింది అన్యాయమేమీ కాదు. స్కాన్ ఉంది గనుక తప్పక తగ్గుతుందని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి.

ఇంకో రెండు పరిశోధనలు చెబుతాను. రెండూ బ్రిటన్‌వే, రెండూ లాన్సెట్‌లో వచ్చినవే. 2020లో వచ్చినదానిలో 503 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగులను మూడు గుంపులు చేశారు. ఒకరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పాటు ఫిజియోథెరపీ, ఇంకొకరికి మత్తు ఇచ్చి చెయ్యి తిప్పి సడలించడం, మూడో గుంపుకు కీహోల్ ఆపరేషన్. ఏడాది తరువాత చూస్తే ఏ ఒక్కటీ మిగతావాటి కన్నా చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. అంటే నేరుగా ఆపరేషన్‌కు పరుగెత్తనక్కర్లేదు. 2021లో వచ్చినదానిలో రొటేటర్ కఫ్ నొప్పి ఉన్న 708 మందిని చూశారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో కొద్దిగా మేలు చేసింది, ఏడాది నాటికి ఆ తేడా మిగల్లేదు. పలుమార్లు పిలిచి వ్యాయామం చేయించడానికీ, ఒక్కసారి చక్కగా కూర్చోబెట్టి సలహా చెప్పి ఇంట్లో చేసుకోమనడానికీ కూడా పెద్ద తేడా కనిపించలేదు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. సూది ఒక కిటికీ తెరుస్తుంది. నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాల్లో చెయ్యి కదిలించుకోవాలి. ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి గుండ్రంగా తిప్పడం, గోడ మీద వేళ్లతో పైకి పాకడం, కర్ర పట్టుకుని మంచి చేత్తో రెండో చేతిని నెట్టడం లాంటివి మీ డాక్టరో ఫిజియోథెరపిస్టో చూపించిన వరుసలో చెయ్యాలి. సూది వేయించుకుని చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆ కిటికీ మళ్లీ మూసుకుంటుంది.

యంత్రం మనిషిని బట్టి పలుకుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మా పనిలో పగులు శబ్దానికి అడ్డంగా ఉంటే మెరుస్తుంది, వాలుగా ఉంటే కనిపించకుండా తప్పించుకుంటుంది. భుజంలోనూ అంతే. ప్రోబ్ కొంచెం వంగితే బాగున్న టెండన్ కూడా నల్లగా, తెగినట్టు కనిపిస్తుంది. సూది నిటారుగా దిగితే తెర మీద మాయమవుతుంది. అందుకే వెల్డింగ్ పరీక్షకు మా దగ్గర లెవెల్ వన్, లెవెల్ టూ అని పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తారు. డాక్టరును కూడా మర్యాదగా అడగవచ్చు, తప్పేమీ లేదు. ఇంకో మాట, అరవై దాటినవాళ్లలో నొప్పే లేకుండా టెండన్ చిరుగులు ఉండడం మామూలే. రిపోర్టులో "టేర్" అనే మాట చూసి కంగారుపడకండి.

మన దేశంలో మరో సంగతి ఉంది. ఆడపిల్లలను కడుపులోనే చంపేసే ఘోరాన్ని ఆపడానికి 1994లో చట్టం వచ్చింది. దాని కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రం రిజిస్టర్ కావాలి, భుజం చూసేదైనా సరే. ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా గోడ మీద ఉండాలి. లోపలికి వెళ్లినప్పుడు అది ఉందో లేదో చూడండి.

సూది వేయించుకునే ముందు డాక్టరును అడగాల్సినవి ఐదు. కాగితం మీద రాసుకోండి.

మొదటిది, నా నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది, ఏ చోట మందు వేస్తారు?

రెండోది, సిరంజిలో ఏ మందు, ఎంత? ఆ చీటీ దాచుకోండి, ఇంకోచోటికి వెళ్తే పనికొస్తుంది.

మూడోది, నాకు షుగరు ఉంది, లేదా రక్తం పలుచబడే మందు వాడుతున్నాను, ఏం చెయ్యాలి? ఆ మందులు మీ అంతట మీరు ఆపవద్దు.

నాలుగోది, ఇంతకుముందు ఎన్ని వేయించుకున్నాను, ఇంకెన్ని వేయవచ్చు? ఒకే భుజానికి ఏడాదిలో మూడు నాలుగు దాటకూడదని సాధారణంగా చెబుతారు. నెల నెలా వేస్తామంటే ఆలోచించాలి. భుజం ఆపరేషన్ దగ్గరలో ఉంటే ఆ మాట ముందే చెప్పాలి.

ఐదోది, సూది తరువాత ఏ వ్యాయామం, ఎప్పటి నుంచి?

వేయించుకున్నాక ఒకటి రెండు రోజులు నొప్పి పెరగవచ్చు, ముఖం ఎర్రబడవచ్చు, సూది దిగిన చోట చర్మం తెల్లబడవచ్చు. ఇవి తెలిసినవే. జ్వరం వచ్చినా, భుజం ఎర్రగా వేడిగా వాచినా, నొప్పి రోజురోజుకీ పెరిగినా ఆలస్యం చెయ్యకుండా వెళ్లాలి. కీలులో చీము పట్టడం చాలా అరుదు, కానీ పడితే గంటలు లెక్కపెట్టుకోవలసిన పని. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉంటే సూది వాయిదా వెయ్యాలి.

చివరగా మా గురువులకు ఒక విన్నపం. మీరు మాకు ఏ కష్టం వచ్చినా "ఎందుకు, ఎలా" అని అడగడం నేర్పారు. మీ ఒంటి నొప్పి దగ్గరకు వచ్చేసరికి మాత్రం "వయసు మీద పడింది, ఇంతేలే" అని ఊరుకుంటున్నారు. ఆ మాట ఒప్పుకోం. మధ్యాహ్నం భోజనాల తరువాత పదో తరగతి 'బి' సెక్షన్ గదిలో మా డాక్టరు భుజాలు చూస్తాడు. అక్కడ సూదులు ఉండవు, చూడడం, చెప్పడం మాత్రమే. షుగరు చీటీలు, పాత రిపోర్టులు ఉంటే తెచ్చుకోండి. రాలేని మాస్టార్ల ఇళ్లకు మా బ్యాచ్ వాళ్లం ఈ నెలలోనే వెళ్లి చూపిస్తాం. పేర్లు తలుపు దగ్గర తమ్ముళ్లకు రాయించండి.

 మా డాక్టరు ఒక్కసారి కూడా ఆపలేదు గనుక పాసైనట్టే అనుకుంటున్నాను. సెలవు.